ఒక్క బ్రేకున్న ఫిక్సీ తీసుకోవచ్చా? మాంచెస్టర్ వెళ్తున్న పాలమూరు తమ్ముడికి జవాబు

జడ్చర్ల నుంచి ఒక తమ్ముడు రాశాడు. సెప్టెంబరులో ఎమ్మెస్సీకి మాంచెస్టర్ వెళ్తున్నాడు. అక్కడే చదివి లండన్‌లో ఉద్యోగం తెచ్చుకున్న వాళ్ల బావ, పోతూ పోతూ తన సైకిల్ ఇతనికి ఇచ్చి పోతానన్నాడట. ఫిక్స్‌డ్ గేర్ సైకిల్, అక్కడివాళ్ల మాటలో ఫిక్సీ. ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉంది, వెనక బ్రేకే లేదు. "అన్నా, ఒక్క బ్రేకుతో సైకిల్ ఏంది? పోలీసులు పట్టుకుంటరా? వెనక కూడా డిస్కు పెట్టించాల్నా? బస్సు పైసలు మిగుల్తయని నాకు ఆశ, అమ్మ మాత్రం వద్దంటుంది" అని అడిగాడు. ఫొటోలు కూడా పంపాడు.

తమ్ముడూ, సైకిల్ తీసుకో. ఉన్న ఒక్క బ్రేకు ముందు ఉంది కాబట్టే తీసుకోమంటున్నాను. అదీ లేకపోతే ఫ్రీగా ఇచ్చినా వద్దనేవాణ్ని. వెనక డిస్కు గురించి ఆలోచన వదిలెయ్. అయితే వెనక మామూలు రిమ్ము బ్రేకు, అంటే రబ్బరు ముక్కలతో రిమ్మును పట్టేది, ఒకటి పెట్టించు, మొదట్లో కొన్నాళ్లు సైకిల్‌ను ఫిక్స్‌డ్‌గా తొక్కకు.

మన ఊళ్లలో మనం తొక్కిన హీరో, అట్లాస్ సైకిళ్లన్నిటికీ వెనక ఫ్రీవీల్ ఉండేది. దిగుడులో కాళ్లు ఆపితే టిక్ టిక్‌మంటూ సైకిల్ దాని దారిన అది పోయేది. ఫిక్సీలో అది ఉండదు. వెనక పళ్లచక్రం హబ్బుకు, అంటే చక్రం నడిమి భాగానికి, గట్టిగా బిగించి ఉంటుంది. చిన్నపిల్లల మూడు చక్రాల సైకిల్ లాగా, చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. వేగం తగ్గించాలంటే తిరుగుతున్న పెడళ్లను కాళ్లతో వెనక్కి అదిమి పట్టాలి. అదే వెనక బ్రేకు. గేర్లు, వాటిని మార్చే డబ్బాలు ఏమీ ఉండవు కాబట్టి పాడయ్యేవీ తక్కువే. ఏడాది పొడుగునా వానలో నానే సైకిల్‌కు అది చిన్న లాభం కాదు.

ఇక పోలీసుల సంగతి. బ్రిటన్‌లో 1983 నాటి సైకిల్ నిబంధనలు ఇప్పటికీ అమల్లో ఉన్నాయి. సీటు ఎత్తు 635 మిల్లీమీటర్లు, ఆ పైన ఉన్న సైకిల్‌కు రెండు వేర్వేరు బ్రేకులు ఉండాలి, ఒకటి ముందు, ఒకటి వెనక. పెడళ్లతో కలిసి తిరిగే చక్రం ఉన్న సైకిల్‌కు మాత్రం ముందు బ్రేకు ఒక్కటి చాలు, కాళ్లతో ఆపడమే రెండోదానికి సమానం. అంటే మీ బావ సైకిల్ ఇప్పుడున్నట్టు చట్టబద్ధమే. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. నీ ఫొటోలో వెనక హబ్బుకు రెండు వైపులా మరలు కనిపిస్తున్నాయి. ఒకవైపు ఫిక్స్‌డ్ చక్రం, రెండోవైపు ఫ్రీవీల్. చక్రం విప్పి తిప్పి బిగిస్తే మామూలు సైకిల్ అయిపోతుంది. అలా తిప్పిన క్షణం నుంచి దానికి వెనక బ్రేకు లేనట్టే లెక్క, రోడ్డు మీదికి తెస్తే నేరమే. సెకండ్ హ్యాండ్ ఫిక్సీ కొన్న మనవాళ్లు చాలామంది ఇక్కడే దొరికిపోతారు. కాళ్లు నొప్పులు పుడుతున్నాయని ఫ్రీవీల్ వైపు తిప్పుకుంటారు, బ్రేకు మాత్రం పెట్టించరు.

ముందు బ్రేకు కూడా తీసేసి, కాళ్లతోనే ఆపుతామని తిరిగే కుర్రాళ్లు నీకు అక్కడ కనిపిస్తారు. చూడటానికి సన్నగా, తీగలేమీ లేకుండా సైకిల్ అందంగానే ఉంటుంది. 2016లో లండన్‌లో అలాంటి సైకిల్ తగిలి రోడ్డు దాటుతున్న ఒక మహిళ చనిపోయింది. తొక్కిన యువకుడికి 2017లో 18 నెలల శిక్ష పడింది, అదీ 1861 నాటి గుర్రపు బండ్ల కాలపు చట్టం కింద. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాడికి క్రిమినల్ కేసు అంటే ఏంటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

మన దగ్గర చిన్నప్పటి నుంచి ఒక మాట నూరిపోస్తారు: ముందు బ్రేకు పడితే బోర్లా పడతావు అని. నల్లగొండలో నేను సైకిల్ నేర్చుకున్నప్పుడూ అదే విన్నాను. చాలామంది ముందు బ్రేకును అసలు ముట్టుకోరు, కొందరు ఊడబీకి పక్కన పడేస్తారు. ఈ అలవాటును విమానం ఎక్కేముందే వదిలించుకో. బ్రేకు పడగానే బరువంతా ముందుకు వస్తుంది, వెనక చక్రం తేలికై పట్టు కోల్పోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు పని చేసేది దాదాపు ముందు చక్రమే. మీ ఇంట్లో పల్సర్ ఉంటే చూడు, కంపెనీవాళ్లు డిస్కును ముందు చక్రానికే ముందు పెట్టారు. బోర్లా పడేది బ్రేకు వల్ల కాదు, ఒక్కసారిగా గుంజడం వల్ల, చేతులు వదులుగా ఉండి ఒళ్లు ముందుకు జారడం వల్ల. ఒంటిని కొంచెం వెనక్కి జరిపి, మోచేతులు బిగబట్టి, లివర్‌ను మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ పో. మలుపు మధ్యలో మాత్రం పట్టకు, మలుపుకు ముందే వేగం తగ్గించుకో.

డిస్కే ఎందుకంటావా? నల్లగొండలో వాన వస్తే ఏదో ఒక షాపు కింద నిలబడి ఆగేదాకా చూస్తాం. మాంచెస్టర్‌లో అలా నిలబడితే క్లాసు అయిపోతుంది. అక్కడిది కుండపోత కాదు, పొద్దంతా సన్నగా పడుతూనే ఉండే వాన. రిమ్ము తడిగా ఉంటే బ్రేకు రబ్బరు మొదట నీళ్లను తుడవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. ఈలోగా సైకిల్ కొన్ని గజాలు పోతుంది. డిస్కు నేలకు ఎత్తులో ఉంటుంది, ప్యాడ్లు దాన్ని గట్టిగా నొక్కుతాయి, తడిసినా పట్టు త్వరగా దొరుకుతుంది. ఇంకొకటి, రోడ్డు మీది ఇసుక, చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పు కలిసి రిమ్మును గీకేస్తాయి. ఫిక్సీలో బ్రేకు పని ఎక్కువగా ముందు చక్రం మీదే పడుతుంది కాబట్టి ఆ రిమ్మే ముందు అరుగుతుంది. రిమ్ము అరిగితే చక్రమంతా మళ్లీ కట్టించాలి. డిస్కు అరిగితే రోటర్, అంటే ఆ డిస్కు పళ్లెం, ఒక్కటి మార్చుకుంటే అయిపోతుంది. అందుకే రోజూ తొక్కే ఫిక్సీకి ఒక్క ఖర్చు పెట్టమంటే ముందు డిస్కు మీదే పెట్టమంటాను.

వెనక డిస్కు ఎందుకు వద్దంటున్నానో అదీ చెప్పాలి. ఫిక్సీలో చైను బిగువు సరిచేసే స్ప్రింగు ఉండదు. చక్రాన్నే ముందుకూ వెనక్కూ జరిపి చైనును బిగిస్తాం. చక్రం జరిగితే దానితో పాటు డిస్కూ జరుగుతుంది, ప్యాడ్లతో డిస్కును నొక్కే, ఫ్రేముకు బిగించిన క్యాలిపర్ మాత్రం అక్కడే ఉంటుంది. చైను బిగించిన ప్రతిసారీ బ్రేకును మళ్లీ సర్దాలి. దీనికి మార్గాలు లేకపోలేదు, చక్రాన్ని పట్టే కొసలే జారే ఫ్రేములు, చక్రానికి బదులు పెడళ్ల ఇరుసును జరిపే ఏర్పాట్లు ఉన్నాయి. కానీ దానికి సరిపడే ఫ్రేము కావాలి, ఫిక్స్‌డ్ మరలూ డిస్కు స్థానమూ రెండూ ఉన్న హబ్బు కావాలి. ఇలాంటి ట్రాక్ రకం సైకిళ్ల వెనక హబ్బు వెడల్పు 120 మిల్లీమీటర్లు, డిస్కు హబ్బులు సాధారణంగా 135, కాబట్టి పాత ఫ్రేములో అది పట్టదు. అంత డబ్బు పోసి కొనేది, పెద్దగా పని పడని బ్రేకు. నీ ఫ్రేముకు వెనక కమ్మీలో బ్రేకు బోల్టు రంధ్రం కనిపిస్తోంది. మామూలు రిమ్ము క్యాలిపర్ తక్కువ ధరకే దొరుకుతుంది. రెండు చేతుల్లో రెండు లివర్లు ఉంటే ఫ్రీవీల్ వైపు తిప్పినా చట్టంతో పేచీ లేదు. లివర్ కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: కొన్ని లివర్లు కేబుల్‌ను ఎక్కువ గుంజుతాయి, కొన్ని తక్కువ. మౌంటెన్ సైకిల్ డిస్కుకు సరిపోయేది రిమ్ము క్యాలిపర్‌కు సరిపోకపోవచ్చు. షాపువాడికి రెండు బ్రేకులూ చూపించి అడుగు.

మీ బావ దగ్గర సైకిల్ తీసుకునే రోజు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముందు వెనక చక్రం దగ్గర కూర్చో. ఫిక్స్‌డ్ పళ్లచక్రం పక్కన ఇంకో సన్నటి కడియం ఉండాలి, దాన్ని లాక్‌రింగ్ అంటారు. దాని మర ఎదురు దిక్కుకు ఉంటుంది. ముందుకు తొక్కితే పళ్లచక్రం బిగుస్తుంది, వెనక్కి అదిమితే విప్పుకోవాలని చూస్తుంది, ఆ విప్పుకోవడాన్ని ఆపేది ఈ కడియమే. మామూలు ఫ్రీవీల్ హబ్బు మీద పళ్లచక్రాన్ని ఎక్కించి, లాక్‌రింగ్ లేకుండా జిగురు పూసి అమ్మేవాళ్లూ ఉన్నారు. అలాంటి సైకిల్‌లో అవసరమైన రోజునే కాళ్ల బ్రేకు చేతులెత్తేస్తుంది. కడియం లేకపోతే ఆ వైపు తొక్కనే వద్దు.

తర్వాత డిస్కు. రోటర్ మీదే కనిష్ఠ మందం చెక్కి ఉంటుంది, చాలావాటికి 1.5 మిల్లీమీటర్లు. ప్యాడ్లలో ఎంత మిగిలిందో టార్చి వేసి చూడు. ఫొటోను బట్టి నీది కేబుల్‌తో పనిచేసే డిస్కు, మంచిదే. నూనెతో పనిచేసేవి మెత్తగా, బలంగా పడతాయి కానీ గాలి చేరితే రూములో కూర్చుని బాగుచేయడం కష్టం. కేబుల్‌దైతే తీగ మార్చడం, ప్యాడ్లను దగ్గరికి జరపడం వారంలో నేర్చుకుంటావు. ప్యాడ్లు కొత్తవి వేస్తే వెంటనే ట్రాఫిక్‌లోకి పోకు. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం అందుకుని, పూర్తిగా ఆగకుండా నెమ్మదించడం, మళ్లీ వేగం అందుకోవడం, ఇలా ఓ ఇరవై సార్లు చేస్తే ప్యాడ్లు రోటర్‌కు సర్దుకుంటాయి. అలా చేసేదాకా పట్టు తక్కువే ఉంటుంది. చైనుకు నూనె వేసేటప్పుడు స్ప్రే డబ్బా వాడకు, చుక్క చుక్కగా వేసి తుడిచెయ్. ఒక్క తుంపర ప్యాడ్‌కు తాకినా కీచుమని అరుస్తుంది, పట్టు పోతుంది. రోటర్‌ను వేళ్లతో ముట్టకు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమైన గుడ్డ తడిపి తుడువు.

ముందు చక్రాన్ని పట్టి ఉంచే క్విక్ రిలీజ్ లివర్ (పానా లేకుండా చేత్తోనే చక్రం విప్పేది) మీద కన్నేసి ఉంచు. డిస్కు బ్రేకు పడినప్పుడు చక్రాన్ని ఫోర్కు కొసల్లోంచి బయటికి తోసే బలం పుడుతుంది, కాబట్టి అది గట్టిగా మూసి ఉండాలి. వదులుగా ఉన్న లివర్ రోటర్‌లో ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది. 2015లో ట్రెక్ కంపెనీ ఈ కారణంగానే దాదాపు 10 లక్షల సైకిళ్లను వెనక్కి పిలిచింది. లివర్‌ను డిస్కు లేని వైపు పెట్టుకో. వెనక చక్రానికి నట్లు ఉంటాయి, 15 నంబరు పానా ఎప్పుడూ బ్యాగులో ఉండాలి, లేకపోతే పంక్చరైన రోజు సైకిల్‌ను నెట్టుకుంటూ ఇంటికి పోవడమే.

గేరు సంగతి కూడా నీ మెసేజ్‌లోనే ఉంది, ముందు 48 పళ్లు, వెనక 16. అది కుర్రతనపు గేరు. ఒక్క తొక్కుకు సైకిల్ 6 మీటర్ల పైన పోతుంది, ఎదురుగాలిలో మోకాళ్లు అరుస్తాయి, కాళ్లతో ఆపడం కష్టం. వెనక 19 పళ్లది వేయించు. అప్పుడు ఒక్క తొక్కుకు 5.3 మీటర్లు, నిమిషానికి 80 తొక్కులతో గంటకు 25 కిలోమీటర్లు. కాలేజీకి అంతకంటే ఏం కావాలి? చైను పొడవు చాలకపోవచ్చు, అది షాపులోనే చూసుకో. ఇందులో ఇంకో లాభం ఉంది. 48ని 16తో భాగిస్తే సరిగ్గా 3, అంటే ఒకే కాలితో చక్రాన్ని బిగబట్టి జార్చిన ప్రతిసారీ టైరు ఒక్కచోటే నేలను రాస్తుంది, అక్కడే చిల్లు పడుతుంది. 48, 19లకు 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు కాబట్టి అరుగుదల 19 చోట్లకు పంచుకుంటుంది. నువ్వు జార్చవు అనుకో, నీ వయసు చూసి చెబుతున్నాను.

ఫ్రీవీల్ వైపు రెండు బ్రేకులతో దారులు, సిగ్నళ్లు, చలి అలవాటయ్యాక ఒక ఆదివారం పార్కులో చక్రం తిప్పి ఫిక్స్‌డ్ మొదలుపెట్టు. పెడళ్లకు పట్టీలు తప్పనిసరి, దిగుడులో కాలు జారితే తిరిగే పెడల్ పిక్కను కొడుతుంది. మొదట వదులుగా కట్టుకో. మలుపులో తొక్కడం ఆపడం కుదరదు కాబట్టి బాగా వంగితే లోపలి పెడల్ నేలను తాకుతుంది, నిటారుగా, నిదానంగా తిరుగు. ప్యాంటు అంచు, బూటు లేసులు, చెల్లెళ్లయితే చున్నీ, ఇవి చైనులో పడితే ఫిక్సీ ఆగదు, లాక్కుంటూనే పోతుంది. చైను తుడిచేటప్పుడు చక్రం తిప్పుతూ గుడ్డ పట్టుకోకు. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు నిజంగా ఉన్నారు.

మాంచెస్టర్ సెంటర్‌లో ట్రామ్ పట్టాలు రోడ్డులోనే ఉంటాయి. తడి పట్టా మీద సన్న టైరు జారిందంటే తేరుకునేసరికి నువ్వు నేల మీద ఉంటావు. పట్టాకు అడ్డంగా, లంబకోణంలోనే దాటు. టైరు 28 లేదా 32 మిల్లీమీటర్లది వేయించు, మడ్‌గార్డులు పట్టేంత సందు ఉందో చూసుకో. ఆక్స్‌ఫర్డ్ రోడ్డులో సైకిళ్లకు విడిగా దారి ఉంది, రష్‌హోమ్, ఫాలోఫీల్డ్ వైపు రూము తీసుకుంటే యూనివర్సిటీకి చాలావరకు దానిమీదే పోవచ్చు. బస్టాపుల దగ్గర మనుషులు ఆ దారిని దాటుతుంటారు, అక్కడ లివర్ మీద వేళ్లు ఉండాలి. ఎడమకు తిరిగే లారీ పక్కన ఎడమ సందులోకి ఎప్పుడూ దూరకు. ఫుట్‌పాత్ మీద తొక్కడం అక్కడ నేరం.

డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది, పొద్దున ఎనిమిది దాటితే గాని తెల్లారదు. చీకట్లో ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టర్ ఉండి తీరాలి. పెడళ్లకు పసుపు రిఫ్లెక్టర్లు కూడా చట్టంలో ఉన్నాయి. ఫిక్సీ పెడళ్లకు సాధారణంగా అవి ఉండవు, అడిగి వేయించుకో. హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా పెట్టుకో, అమ్మకు ఫొటో పంపడానికైనా పనికొస్తుంది.

దొంగతనం గురించి నీకు ఇంకా అంచనా లేదు. తాళాల గట్టిదనాన్ని పరీక్షించే సోల్డ్ సెక్యూర్ వాళ్ల గోల్డ్ ముద్ర ఉన్న డీ లాక్ (డీ ఆకారపు ఇనుప తాళం) కొను, ఫ్రేమూ వెనక చక్రమూ కలిపి కదలని దేనికైనా వేసి బిగించు, ముందు చక్రానికి ఇంకో తాళం. క్విక్ రిలీజ్ నీకు ఎంత సులువో దొంగకూ అంతే సులువు. ఫ్రేము నంబరు ఫొటో తీసి, సైకిళ్ల వివరాలు నమోదు చేసే బైక్ రిజిస్టర్ సైటులో నమోదు చేసుకో. ఇక ముందు సెకండ్ హ్యాండ్‌లో ఏది కొన్నా ఆ నంబరు అక్కడ వెతికి చూశాకే డబ్బులివ్వు.

సైకిల్ అనగానే మనవాళ్లు అడిగే రెండో ప్రశ్న డెలివరీ గురించి. నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నా. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, పీజీ చదివేవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు ఉద్యోగం చేయొచ్చు, కానీ స్వయం ఉపాధి చేయకూడదు. ఫుడ్ డెలివరీ యాప్‌లు రైడర్లను సాధారణంగా స్వయం ఉపాధివాళ్లుగానే లెక్కేస్తాయి. స్నేహితుడి అకౌంటు అద్దెకు తీసుకుని తొక్కడం ఇంకా పెద్ద తప్పు. ఇంట్లో పొలం తాకట్టు పెట్టి పంపించి ఉంటే, వారం కూలీ కోసం వీసాను పందెం కాయకు. చదువయ్యాక ఉద్యోగం వస్తే సైకిల్ టు వర్క్ స్కీము ఉంటుంది, కంపెనీ ద్వారా జీతంలోంచి పన్నుకు ముందే కట్ అయ్యేలా కొత్త సైకిల్ తీసుకోవచ్చు. వెనక కూడా డిస్కు ఉన్న ఫిక్సీ కావాలంటే అప్పుడు కొనుక్కో, నేనేమీ అనను.

విమానానికి ఇంకా టైముంది కదా. పొద్దున్నే జడ్చర్ల కాలేజీ గ్రౌండులోనో మహబూబ్‌నగర్ స్టేడియం దగ్గరో ఎవరిదైనా సైకిల్ తీసుకుని మూడు పనులు సాధన చెయ్: గీత తప్పకుండా నిటారుగా పోతూ కుడి భుజం మీదుగా వెనక్కి చూడటం, ఒక చెయ్యి చాచి సిగ్నల్ ఇస్తూ తొక్కడం, ముందు బ్రేకు ఒక్కదానితో ఆగడం. ఇక్కడలాగే అక్కడా ఎడమ పక్కనే పోతారు, కుడి చేతి లివరే సాధారణంగా ముందు బ్రేకు. అయినా బావ సైకిల్ యూరప్‌లో కొన్నదైతే తారుమారుగా ఉంటుంది, ఎక్కేముందు ఒకసారి నొక్కి చూడు. పానాలు, అలెన్ కీలు ఇక్కడే కొనుక్కుంటే చవక, చెక్ ఇన్ సామానులోనే పెట్టు, చేతి బ్యాగులో అయితే శంషాబాద్‌లో తీసేస్తారు. రెయిన్‌కోటు మాత్రం ఇక్కడ కొనకు, మన పాలిథిన్ కోటు వేసుకుని తొక్కితే లోపల చెమటకే తడిసిపోతావు.